వ్యాయామమునకు ముందు వేయవలసిన ప్రశ్నలు



వ్యాయామము మంచిదని చెప్పని వైద్యుడు లేడు. ఆ మాట వినని గృహస్థుడును లేడు. అయితే ఎవరికి, ఎంత, ఏ విధముగా మంచిది అను ప్రశ్నను మాత్రము మనము తరచుగా దాటివేయుచున్నాము. నేడు పట్టణములలో వీధివీధిని జిమ్ములు వెలసినవి. క్రొత్తగా చేరవచ్చినవారి పేరు వ్రాసికొని, రుసుము పుచ్చుకొని, మరునాడే బరువులు చేతికిచ్చు చోట్లును ఉన్నవి. పేరు వ్రాయుటకు, బరువు ఎత్తించుటకు నడుమ జరుగవలసిన సంభాషణ ఒకటి కలదు. ఈనాటి ప్రసంగ విషయము అదియే.

ఒక ఉదాహరణము తీసికొందము. ఏబది యేండ్ల వర్తకులొకరు ఉదయము నుండి రాత్రి వరకు దుకాణములో కూర్చుండువారు. అలిపిరి నుండి తిరుమలకు కాలినడకను వచ్చెదనని మ్రొక్కుకొనినారు. ఆ దారిలో సుమారు 3,550 మెట్లు ఉన్నవి. నెల దినములలో తన్ను సిద్ధము చేయుమని శిక్షకుని కోరినారు. శిక్షకుడు మొదట ఏమి చేయవలెను?

పరుగెత్తింపరాదు, కూర్చుండబెట్టి అడుగవలెను. ఇందుకై 1970 దశకమునందు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో ఒక ప్రశ్నావళి రూపొందినది. ప్రశ్నలు ఏడు మాత్రమే. గుండెజబ్బు ఉన్నదని వైద్యుడు ఎన్నడైన చెప్పెనా? శ్రమించునప్పుడు రొమ్ములో నొప్పి కలుగునా? గడచిన నెలలో ఊరక కూర్చున్నప్పుడును అట్టి నొప్పి వచ్చెనా? తల తిరిగి తూలుటగాని, స్పృహ తప్పుటగాని కలదా? శ్రమచే అధికమగు ఎముకల బాధగాని, కీళ్ల బాధగాని ఉన్నదా? రక్తపుపోటునకుగాని, గుండెకుగాని మందులు వాడుచున్నారా? వ్యాయామము చేయగూడదనుటకు మరేదైన కారణము కలదా? వీనిలో ఒక్కదానికి 'అవును' అని జవాబు వచ్చినను మొదట వైద్యుని సంప్రదింపవలెనని ఆ ప్రశ్నావళి చెప్పినది. జబ్బుగాని, దాని లక్షణములుగాని లేనివారు తేలికపాటి శ్రమతో నిస్సంకోచముగా ఆరంభింపవచ్చునని 2015లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వారు స్పష్టపరచిరి.

ఇన్ని ప్రశ్నలేల? 1993లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన దీనికి సమాధానము చెప్పును. తీవ్రముగా శ్రమించిన పిదప ఒక గంటలోపల గుండెపోటు ప్రమాదము ఎంత హెచ్చునో అందు లెక్కించిరి. వారమునకు ఐదు పర్యాయములైనను శ్రమించు అలవాటు కలవారికి అది సుమారు రెండున్నర రెట్లు. అలవాటు బొత్తిగా లేనివారికి నూరు రెట్లకు మించినది. మొత్తముమీద ఆ ఒక్క గంటలో ఎవరికైనను గుండెపోటు వచ్చు అవకాశము మిక్కిలి స్వల్పమే. భయపడి ఇంట కూర్చుండుట పరిష్కారము కాదు. అలవాటు పెరిగినకొలది ఆపద తగ్గును. కనుక ఆరంభము మెల్లగా ఉండవలెను.

ప్రశ్న వేయు తీరును ముఖ్యమే. పదిమంది ఎదుట 'జబ్బులేమైన ఉన్నవా?' అన్నచో 'ఏమియు లేవు' అను జవాబే వచ్చును. మాత్రతో పోటు అదుపులో ఉన్నవారు తమకు పోటు లేదనియే తలచుదురు. ప్రక్కకు పిలిచి 'ఉదయము ఏ మాత్రలు వేసికొందురు?' అని అడిగినచో నిజము తెలియును. రక్తపుపోటునకిచ్చు కొన్ని మందులు నాడి వేగమును పెరుగనీయవు. అట్టివారి శ్రమను నాడితో కొలువరాదు. మాటలాడగలిగియు పాట పాడలేని స్థితియే మితమైన శ్రమకు గురుతు. ఇన్సులిన్ తీసికొనువారికి రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమట, వణకు కనిపించిన వెంటనే ఇచ్చుటకు పంచదార చేరువలో ఉండవలెను.

మన వర్తకునికి రెండవ అంతస్తు ఎక్కుసరికి ఆయాసము వచ్చుచున్నదట. అది అలవాటు లేమివలన కావచ్చును, గుండెవలన కావచ్చును. తేల్చవలసినవాడు వైద్యుడు; శిక్షకుడు కాదు. వైద్యుడు పరీక్షించి అనుమతించిన పిదపనే తక్కిన పని.

ఇక మనస్సు సంగతి. 'ఎందుకు వచ్చితిరి?' అన్నచో 'బరువు తగ్గుటకు' అందురు. దాని వెనుక మరొక జవాబు ఉండును. ఇంట పోరు పడలేక వచ్చినవారు వేరు, మనుమని ఎత్తుకొనవలెనని వచ్చినవారు వేరు. మెట్లెక్కవలెనను కోరిక వర్తకునిదే. ఎవరును ఆయనపై మోపినది కాదు. అదియే మూలధనము. 'వారమునకు ఐదు దినములు వత్తునని మీకు పదింట ఎన్ని పాళ్లు నమ్మకము?' అని పిదప అడుగవలెను. 'నాలుగు' అన్నచో మందలింపరాదు. 'రెండు అనక నాలుగు అంటిరేల?' అన్నచో తమకు గల బలమును తామే చెప్పుదురు. తరువాత పనిని తగ్గించుచు రావలెను. దుకాణము తెరువకముందు పది నిమిషముల నడక అన్నచో నమ్మకము తొమ్మిది కావచ్చును. అచ్చట మొదలిడవలెను. నెల గడువు మూడు నెలలైనను కొండ కదలిపోదు.

బలవంతులు సైతము తమ శక్తిలో సగము మేరకే శ్రమింపవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమునందు చెప్పినాడు. బాలురు, వృద్ధులు వ్యాయామము మానవలెనన్న ఆయన మాటను నేటి వైద్యము అంగీకరింపదు. మనిషిని చూచి మోతాదు నిర్ణయింపవలెనను సూత్రము మాత్రము నేటికిని చెల్లును.

మీ యింట ఎవరైన క్రొత్తగా వ్యాయామశాలలో చేరదలచినచో, వారు వాడు మందుల పేర్లు ఒక కాగితముపై వ్రాసి ఇచ్చి పంపుడు. ఆ కాగితమును అడిగి చదువు శిక్షకుని వద్ద చేరుమనుడు. ఏమియు అడుగక రుసుము మాత్రము పుచ్చుకొను చోటినుండి మరలివచ్చుట మేలు.