ఫీజుల పట్టికలో రైతు గడి ఎక్కడ?

(గ్రామ, మండల కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, సాగునీరు, కరెంటు, అప్పులు. వీటి గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటాం. ఈరోజు మేం చెప్పబోయేది మన ఎజెండాలోకి ఎప్పుడూ రాని విషయం. విశ్వవిద్యాలయాల్లో ఉండే రసాయన పరీక్షల ల్యాబులు, వాటి ఫీజులు, వాటి నిబంధనలు. ఇది చదువుకున్నవాళ్ల వ్యవహారం, మనకెందుకని అనుకోకండి. ఎందుకో చెప్పడానికి ముందు మా అనుభవం ఒకటి వినండి.

పోయిన ఏడాది మా మండలంలో కొందరు మిరప రైతులు ఒకే దుకాణంలో ఒకే మందు కొని పిచికారీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. నాలుగో రోజుకే చిగుళ్లు మాడిపోయాయి. దుకాణదారుని అడిగితే మీ బోరు నీళ్లు మంచివి కావన్నాడు. కంపెనీ మనిషి వచ్చి చేను చూసి, మీ నేలలో ఉప్పు ఎక్కువన్నాడు. తప్పు నీళ్లదా, నేలదా, మందుదా? తేల్చేది పరీక్షే. సంఘం తరఫున ముగ్గురం కదిలాం. సగం వాడిన మందు సీసా, చేలో మట్టి, బోరు నీళ్లు పట్టుకుని ఒక విశ్వవిద్యాలయంలోని ఉమ్మడి పరికరాల ల్యాబుకు వెళ్లాం.

అక్కడ గోడకు ఫీజుల పట్టిక ఉంది. అందులో మూడు గడులు. మొదటిది ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులకు. రెండోది ఇతర విద్యాసంస్థలకు, ప్రభుత్వ పరిశోధనా సంస్థలకు. మూడోది పరిశ్రమలకు. రైతుకు గడి లేదు. ఫారంలో సంస్థ పేరు, విభాగాధిపతి సంతకం, జీఎస్టీ నంబరు అడిగారు. మాకు విభాగమూ లేదు, అధిపతీ లేడు. చివరికి మమ్మల్ని మూడో గడిలో వేశారు. అంటే మందు తయారుచేసిన కంపెనీ కట్టే రేటూ, ఆ మందుతో పంట పోగొట్టుకున్న రైతు కట్టే రేటూ ఒకటే.

మట్టికీ నీళ్లకూ డబ్బు కట్టాం. తెరిచిన మందు సీసాను తీసుకోమన్నారు. రిపోర్టు రావడానికి ఆరు వారాలు పట్టింది. ఈలోగా రైతులు తోట పీకేశారు. రిపోర్టులో నీళ్లూ బాగానే ఉన్నాయి, నేలా బాగానే ఉంది. అడుగున మాత్రం ఒక వాక్యం ఉంది: ఈ ఫలితాలు మాకు అందిన శాంపిల్‌కే వర్తిస్తాయి, వీటిని కోర్టు వ్యవహారాలకు వాడరాదు. కంపెనీ వాళ్లకు చూపిస్తే ఆ వాక్యమే చదివి వెనక్కిచ్చారు. ఆ రైతులకు ఇంతవరకూ పైసా రాలేదు.

ల్యాబులో పనిచేసేవాళ్లను మేం తప్పుపట్టడం లేదు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. వాళ్ల చేతిలో ఉన్న నిబంధనల్లోనే మనం లేం. ఈరోజు మేం చెప్పదలచుకున్నది ఇదే. ఫీజు ఎంత అన్నది రెండో ప్రశ్న. ఎవరి శాంపిల్ తీసుకుంటారు, ఎప్పటికి చెబుతారు, ఆ కాగితం ఎక్కడ చెల్లుతుంది అన్నవి మొదటి ప్రశ్నలు.

అసలు ఫీజు ఎందుకు పెడతారో ముందు అర్థం చేసుకుందాం. అంతా ఉచితంగా చేయాలని మనం అడగడం లేదు. ఈ యంత్రాలు ఖరీదైనవి. కొన్ని ఆర్గాన్ వాయువు మీద నడుస్తాయి. ఆ సిలిండర్లు అయిపోతుంటే మార్చుతూ ఉండాలి. పురుగుమందుల అవశేషాలు చూడాలంటే ఆ మందుల స్వచ్ఛమైన ప్రామాణిక నమూనాలు కొని పెట్టుకోవాలి. వాటికీ గడువు తేదీ ఉంటుంది. మన శాంపిల్ పెట్టేముందు యంత్రం సరిగా చదువుతోందో లేదో తెలిసిన ద్రావణాలతో సరిచూసుకోవాలి. ఒక్క శాంపిల్ తెచ్చినా ఈ తతంగమంతా తప్పదు. ఇరవై తెచ్చినా దాదాపు అదే తతంగం. కాబట్టి ఒక్కడు ఒక్క పొట్లంతో వెళితే ఖర్చంతా వాడి మీదే పడుతుంది. ఇరవై మంది ఒకేరోజు వెళితే ఆ ఖర్చు ఇరవై భాగాలవుతుంది. బోరు వేయడానికి వచ్చిన లారీకి ఊళ్లో మరో నాలుగు బోర్లు చూపిస్తే రేటు తగ్గించమని అడగమా? ఇదీ అంతే. అయితే ఒకే విడతలో వచ్చిన శాంపిళ్లకు తగ్గింపు ఇవ్వాలని నిబంధన ఉంటేనే మన బేరానికి బలం.

ఇంకో మెలిక చూడండి. చాలాచోట్ల మూలకానికి ఇంత అని ఫీజు రాస్తారు. జింకుకు ఒకటి, ఇనుముకు ఒకటి, రాగికి ఒకటి, మాంగనీసుకు ఒకటి. పాతరకం పరమాణు శోషణ యంత్రమైతే అందులో అర్థముంది. అది సాధారణంగా ఒకసారికి ఒక్క మూలకాన్నే చదువుతుంది, మూలకానికో దీపం మార్చాలి. కానీ ఐసీపీ అనే కొత్తరకం యంత్రం ఒకే విడతలో అనేక మూలకాలు చదివేస్తుంది. దాని మీద కూడా మూలకానికింత అని లెక్క కడుతుంటే, కట్టగా ఒక రేటు ఎందుకు పెట్టరని అడగొచ్చు. ఏ యంత్రం మీద చేస్తారన్నది డబ్బు కట్టేవాడు అడగదగ్గ ప్రశ్నే.

అంతకంటే ముఖ్యమైనది, ఏ పద్ధతిలో చేస్తారన్నది. పరిశోధన ల్యాబుల్లో మట్టిని ఘాటైన ఆమ్లంలో కరిగించి అందులో ఉన్న మొత్తం జింకు చెప్పేయగలరు. అది మనకు పనికిరాదు. నేలలో ఉన్న జింకంతా మొక్కకు అందదు. మొక్కకు అందే జింకు ఎంతో తెలియాలి. దానికి డీటీపీఏ అనే ద్రావణంతో తీసే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో 0.6 పీపీఎం కంటే తక్కువ వస్తే సాధారణంగా లోపం కింద లెక్క. పద్ధతి చెప్పకుండా ఫారం నింపితే డబ్బూ పోతుంది, తప్పుడు ధైర్యంతో జింకు వేయకుండా పంటా పోతుంది.

జీఎస్టీ సంగతీ చూద్దాం. పరీక్షల సేవలకు మామూలుగా 18 శాతం పన్ను. కానీ వ్యవసాయ ఉత్పత్తికి నేరుగా సంబంధించిన పనులకు 2017 నోటిఫికేషన్‌లోనే మినహాయింపు ఇచ్చారు. ఆ జాబితాలో దున్నకం, కోత, నూర్పిడి, సస్యరక్షణలతోపాటు పరీక్ష అన్న మాట కూడా ఉంది. మన బిల్లులో 18 శాతం కలిపితే, ఈ మినహాయింపు మాకెందుకు వర్తించదో రాసివ్వండి అని అడగాలి. మేం ఆరోజు అడగలేదు. తెలియక కట్టేశాం.

ఇప్పుడు చట్టం వైపు రండి. ఆహార భద్రత చట్టం 2006లో 40వ సెక్షన్ ఉంది. దుకాణంలో సరుకు కొన్న మనిషి, పరీక్షకు పంపుతున్నానని అమ్మినవాడికి అక్కడే చెప్పి, ఫీజు కట్టి, ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు నాసిరకమని తేలితే కట్టిన ఫీజు తిరిగి పొందే హక్కు కూడా ఉంది. పప్పు కొన్నవాడికి ఇంత స్పష్టంగా రాసిన హక్కు, ఆ పప్పు పండించడానికి మందు కొన్నవాడికి ఎందుకు ఉండకూడదు? విత్తనాల చట్టం 1966, పురుగుమందుల చట్టం 1968 ప్రకారం శాంపిల్ తీసే అధికారం ఇన్‌స్పెక్టరుది. ఆయన తీసి, మూడు భాగాలు చేసి, సీలు వేసి పంపినదానికి ఉండే బలం మన సంచిలోని సీసాకు రాదు.

కాబట్టి మందు మీద అనుమానం వస్తే ముందు ల్యాబుకు పరుగెత్తకండి. మేం చేసిన పొరపాటు అదే. ముందు వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. బిల్లు మీది బ్యాచ్ నంబరు అందులో రాయండి. అదే బ్యాచ్ దుకాణంలో ఇంకా ఉండగానే శాంపిల్ తీయమని పట్టుబట్టండి. ఫిర్యాదు అందినట్టు సంతకం తీసుకోండి. పురుగుమందుల చట్టం ప్రకారం అనలిస్టు 30 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి.

వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. వస్తువులో లోపం పరీక్షతోనే తేలేదైతే, కమిషనే శాంపిల్‌కు సీలు వేయించి తగిన ల్యాబుకు పంపాలని 2019 చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. ల్యాబు ఫీజును ఫిర్యాదుదారు ముందుగా జమచేయాల్సి రావచ్చు. ఇక్కడే మళ్లీ ఫీజుల పట్టిక మన మెడకు చుట్టుకుంటుంది. విత్తనాల విషయంలో సుప్రీంకోర్టు 2012 జనవరిలో మంచి తీర్పు ఇచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసు అది. కొన్న విత్తనమంతా విత్తేసిన రైతు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచాలని ఆశించడం కుదరదని కోర్టు చెప్పింది. విత్తన సంస్థే తన దగ్గరున్న శాంపిళ్లను పరీక్షకు పంపించి ఉండవచ్చని కూడా అంది. శాంపిల్ దాచలేదు కాబట్టి కేసు లేదు అని ఎవరన్నా అంటే ఈ తీర్పు గుర్తుచేయండి.

మన వైపు నుంచి సరిదిద్దుకోవాల్సినవీ ఉన్నాయి. శాంపిల్ తప్పయితే ఎంత గొప్ప యంత్రమైనా తప్పే చెబుతుంది. మట్టి తీసేటప్పుడు గట్ల పక్క, చెట్ల కింద, పెంటపోగు వేసినచోట తీయవద్దు. చేనంతా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది, పదిచోట్ల తీయండి. పైచెత్త తీసేసి, పలుగుతో వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట చేసి, పక్కగోడ మట్టి చెక్కండి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. సూక్ష్మపోషకాలు చూడాలంటే తుప్పు పట్టిన ఇనుప పనిముట్లు, జింకు పూత ఉన్న బకెట్లు వాడకండి. ఎరువుల సంచిలో మట్టి కట్టకండి.

మా మండలంలో ఈ వేసవి నుంచి ఒక పద్ధతి పెట్టుకుంటున్నాం. పంటలు ఎత్తాక ఊరికొక రోజు శాంపిల్ దినం. అందరి మట్టీ ఒకేరోజు తీసి, నీడన ఆరబెట్టి, పేరూ సర్వే నంబరూ రాసి, సంఘం కవరు లేఖతో ఒకే విడతగా పంపుతాం. కౌలు రైతు పేరు కౌలు రైతు పేరుగానే రాస్తాం. భూయజమాని పాస్‌బుక్కు లేదని ఎవరి పొట్లమూ వెనక్కి రాకూడదు. నేలను దున్నేవాడికే ఆ నేల సంగతి తెలియాలి కదా.

ఇక మన డిమాండ్లు. విశ్వవిద్యాలయాల పరిపాలక మండళ్లకూ, రాష్ట్ర ప్రభుత్వాలకూ ఇవి పంపిస్తున్నాం.

ఉమ్మడి పరికరాల ల్యాబుల ఫీజుల పట్టికలో రైతులకు, కౌలు రైతులకు, రైతు సంఘాలకు ప్రత్యేక గడి ఉండాలి. ఆ రేటు విద్యాసంస్థల రేటును మించకూడదు. ఒకే విడతలో వచ్చే శాంపిళ్లకు తగ్గింపు ఉండాలి. పట్టిక, పరీక్ష పద్ధతి, రిపోర్టు ఇచ్చే గడువు తెలుగులో గోడ మీద ఉండాలి. పంట మీదున్న సమస్యకు వచ్చిన శాంపిల్‌ను వరసలో ముందుకు జరపాలి. వ్యవసాయాధికారి సమక్షంలో సీలు వేసిన శాంపిల్ మీద ఇచ్చే రిపోర్టుకు, కోర్టుకు పనికిరాదన్న వాక్యం తగిలించకూడదు. మందు, విత్తనం, ఎరువు నాసిరకమని తేలితే ఫీజు కంపెనీ నుంచి వసూలుచేసి రైతుకు తిరిగి ఇవ్వాలి.

ఇది దయ చూపమని అడగడం కాదు. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కడ మొదలైందే రైతు కోసం. ప్రజల డబ్బుతో కొన్న పరికరాలను పదిమందీ పంచుకోవాలని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో మార్గదర్శకాలే ఇచ్చింది. ఆ పదిమందిలో రైతు కూడా ఒకడని రాయించుకోవడమే మన పని.

ఇంటికి వెళ్లగానే ఒక్క పని చేయండి. మీ జిల్లాలో ఉన్న ల్యాబుకు ఇద్దరు కార్యకర్తలు వెళ్లి ఫీజుల పట్టిక నకలు తీసుకోండి. అందులో రైతు గడి ఉందో లేదో చూసి వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. అన్ని జిల్లాల పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని, అక్కడి నుంచి మొదలుపెడదాం.