కోళ్ళ గూడు, పావురముల గూడు



కోడిని గూర్చి మన పూర్వులు శాస్త్రమే వ్రాసిరి. ఏ రంగు పుంజు ఏ వారమున, ఏ దిక్కున విడిచిన గెలుచునో కుక్కుటశాస్త్రము వివరించును. పందెపు పుంజునకు బాదముపప్పు తినిపించువారు నేటికిని కలరు. కాని ఇల్లాలు గ్రుడ్లకై పెంచు పెట్ట రాత్రివేళ నెచ్చట నిదురించుచున్నదో విచారించువారు అరుదు. ఆ విచారణయే నేటి నా ప్రసంగమునకు విషయము.

నేను చిరకాలము పల్లెలలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. పరీక్ష రుసుము కట్టుటకు తండ్రి చేతిలో పైకము లేనినాడు తల్లి కొంగుముడి విప్పి ఇచ్చుట పలుమారులు చూచితిని. ఆ ముడిలోనిది గ్రుడ్లమ్మిన ధనము. ఒక్క రాత్రి ముంగిస గూటిలో దూరినచో ఆ ఇంటి పిల్లవాని పుస్తకములును కోళ్ళతోడనే పోవును. కావున గూటి సంగతి అల్పమైనది కాదు.

మనలో పెక్కుమంది పిల్లి రాకుండుటను మాత్రమే తలచి, గూటిని గాలి చొరకుండ మూసివేయుదురు. మట్టి గూటిలోనికి పది కోళ్ళను త్రోసి, కంతకు రాయి అడ్డము పెట్టుదురు. కోడి రాత్రియంతయు రెట్ట వేయును. అది తడిసి కుళ్ళగా ఘాటైన వాయువు పుట్టును. దానివలన కోళ్ళ కన్నులును ఊపిరితిత్తులును చెడును. అట్లు చెడినవానికి తెగులు సులభముగా సోకును. దీనికొక పరీక్ష చెప్పెదను. తెల్లవారుజామున గూటి తలుపు తీసి మీ ముఖమును లోపల పెట్టి చూడుడు. మీ కన్నులు మండినచో ఆ గూడు కోళ్ళకు తగదు. పైన గాలి, క్రింద పొడి, రాత్రికి గట్టి తలుపు, ఈ మూడును ఉన్నదే గూడు.

పగలు పెరటిలో తిరుగు కోళ్ళు పదింటికి రాత్రి పండుకొనుటకు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల గూడు చాలును. దానిని 2 అడుగుల ఎత్తున గుంజలపై నిలిపి, అడుగున వెదురు బద్దలను అర అంగుళము సందు విడిచి పరచినచో రెట్ట క్రిందికి రాలును. పొడవు వైపును తూర్పు పడమరలుగా నుంచిన ఎండ లోపల అంతగా పడదు. ప్రక్కలు సగము వరకు తడికె కట్టి, ఆ పైన అర అంగుళపు కన్నుల ఇనుపవల బిగింపుడు. కన్నులు పెద్దవైనచో పామును ఎలుకయు దూరును. కప్పునకు తాటియాకు గాని పెంకు గాని మేలు. రేకు వేసినవారు వేసవిలో దానిపై గడ్డి కప్పి నీరు చల్లవలెను. చూరు అడుగున్నర ముందుకు వచ్చినగాని వానజల్లు ఆగదు.

లోపల 2 అంగుళముల వెడల్పుగల అడ్డకర్రలను అంచులు గుండ్రముగా చెక్కి అమర్చుడు. కోడికి జానెడు చోటు కావలెను. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున ఎండుగడ్డి పరచిన గంపలను చీకటి మూలను పెట్టుడు. గంప అడ్డకర్రకంటె క్రిందుగా నుండవలెను. కోడి ఎప్పుడును ఎత్తైన చోటనే పండుకొనగోరును గాన, గంప పైన నున్నచో దానిలోనే పండుకొని గ్రుడ్లను మలినపరచును.

వారమున కొకమారైన క్రింద పడిన రెట్టను తీసి ఎరువుకుప్పలో వేయుడు. అది చక్కగా మాగిన పిదప చేనికి మంచి బలము. కోళ్ళు సాయంకాలము గూటిలోనికి పోక చెట్టెక్కుచున్నచో వానిని కొట్టి తోలకుడు; కర్రల సందులు చూడుడు. పగలు అచ్చట దాగి రాత్రి రక్తము పీల్చు సన్నని పురుగులు కలవు. సందులు పూడ్చి, గూటికంతటికి సున్నము కొట్టవలెను. బూడిద కలిపిన పొడిమన్ను ఒక మూల నుంచినచో కోళ్ళు దానిలో పొరలి పేలను తామే వదిలించుకొనును.

ఇక పావురములు. వీనిని కోళ్ళతో కలిపి ఉంచరాదు. ఒకదాని తెగులు మరియొకదానికి అంటును. పావురము జంటగా కాపురము చేయును. ఆడుది రెండు గ్రుడ్లు పెట్టును. పగటివేళ మగది, రాత్రివేళ ఆడుది పొదుగగా సుమారు 18 దినములకు పిల్లలగును. వానికి తల్లిదండ్రు లిరువురును తమ కంఠపు సంచిలో పుట్టు పాలవంటి పదార్థమును నోటికందింతురు. ఆ పిల్లలు ఎగురకమునుపే ఆడుది మరల గ్రుడ్లు పెట్టును. కావున జంటకు అడుగు వెడల్పు గల అరలు రెండు, ఒక్కొక్కదానిలో ఒక మట్టి మూకుడు ఉండవలెను. శరణన్న పావురమునకై శిబిచక్రవర్తి తన మాంసమునే కోసి ఇచ్చెను; మనల నది కోరునది రెండు మూకుళ్ళ చోటు మాత్రమే.

అయితే ఆ చోటు మన పడకకు దూరముగా నుండవలెను. వసారా గోడకు కుండలు కట్టి వాని క్రిందనే మంచము వేసికొను వృద్ధులు కలరు. పావురముల ఈకల పొడియు ఎండిన రెట్ట ధూళియు ఏండ్లతరబడి పీల్చినచో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసము వచ్చును. గూడు శుభ్రము చేయునప్పుడు రెట్టపై నీరు చల్లి, ముక్కునకు గుడ్డ కట్టుకొని గీకవలెను.

గూడెంత చక్కనిదైనను ఒక్క ఇంటివాడు చేయలేని పని యొకటి కలదు. కొక్కెర తెగులు, అనగా రాణిఖేతు వ్యాధి, వచ్చెనా ఊరికి ఊరే ఖాళీయగును. వచ్చినపిమ్మట మందు లేదు. ముందు జాగ్రత్తగా టీకా కలదు. పిల్లకు 7వ నాడు కంటిలో చుక్క, సుమారు 8వ వారమున సూది వేయింతురు. ఒక్క సీసాలో సాధారణముగా నూరు కోళ్ళకో అంతకు మించియో సరిపడు మందుండును. కలిపినపిమ్మట ఒకటి రెండు గంటలలో వాడవలెను. పది కోళ్ళుగల ఇల్లాలు సీసా కొని ఏమి చేయును? పెద్దలగు మీరు పశువైద్యునితో మాటలాడి, ఒక దినము నిర్ణయించి, ఊరి కోళ్ళన్నిటికి ఆనాడే వేయింపవలెను.

తెగులు కనబడగనే కోళ్ళను సంతకు తోలి అమ్ముకొను వాడుక కలదు. కొనినవాడు దానిని ప్రక్క ఊరికి మోసికొనిపోవును. చచ్చిన కోడిని కాలువలో వేసినచో నీరే దానిని మోయును. ఇది పొరుగువాని కొంగుముడిని కోయుటయే. చచ్చినదానిని లోతుగా గోయి తీసి సున్నము చల్లి పూడ్పింపుడు. సంతలో కొన్న కోడిని మూడు వారములు వేరు గంప క్రింద నుంచి, పిదప మందలో కలుపుడు. ఒకటి రెండు దినములలో కోళ్ళు గుంపుగా చచ్చినచో వట్టిచేతితో తాకక వెంటనే పశువైద్యశాలకు తెలుపుడు. 2006లో మహారాష్ట్రలోని నవాపూరునందును, 2025లో మన గోదావరి జిల్లాలందును కనబడిన పక్షిజ్వరము మనుష్యులకును అంటగలదు.

మీ ఊరిలో టీకా వేయించు దినమును రచ్చబండయొద్ద మీరే ప్రకటింపుడు. ఆ సాయంకాలమే ఇంటింటి గూటి తలుపును ఒకమారు తట్టి చూడుడు.