పండ్రెండు సంచికల పత్రిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన పఠనమందిరమున పత్రిక చేతికి రాగానే కథ చదువుదుము, బొమ్మ చూతుము. ఆ కాగితమును, ఆ కూర్పును ఎన్నుకొన్నవారెవరని అడుగము. ఆ ఎన్నికకే తన పేరును, భర్త ధనమును ఒడ్డిన యొక అమెరికా సంపాదకురాలిని గూర్చి నేడు మనవి చేసెదను. ఆమె ఫ్లూర్ కోల్స్.

ఆ పేరు తల్లిదండ్రులు పెట్టినది కాదు. 1908లో న్యూయార్కు నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించినపుడు ఆమె పేరు ఫ్లోరెన్స్. ఫ్లూర్ అనగా ఫ్రెంచి భాషలో పువ్వు. పేరే గాక, పుట్టిన యేటిని, ఊరిని కూడ ఆమె తనకు నచ్చినట్లు చెప్పుకొనెను. అసత్యమును నేను మెచ్చను. అయినను ఆ దినములలో అమెరికాలో పెక్కు క్లబ్బులు, హోటళ్లు యూదులను రానిచ్చెడివి కావు. తలుపులు మూసినవారిని విడిచి, మారుపేరుతో లోనికి వచ్చిన స్త్రీని మాత్రమే తప్పుపట్టుట నాకు న్యాయముగా తోచదు.

ఆమె తొలుత ప్రకటనలు వ్రాసి జీవించెను. 1946లో 'లుక్' అను సచిత్ర పత్రిక యజమానియగు గార్డ్‌నర్ కోల్స్‌ను వివాహమాడి, ఆ పత్రికలో వంటకు, వస్త్రాలంకరణకు చోటు పెంచెను. పెద్ద నల్లకండ్లద్దములు ఆమెకు గుర్తుగా నిలిచినవి. కాని అంతటితో ఆమె తృప్తి చెందలేదు.

1950 ఫిబ్రవరిలో 'ఫ్లెయిర్' వెలువడెను. అట్టపై రంధ్రము, దానిగుండ లోపలి పుట కనబడును. ఒక్క సంచికలోనే పలువిధముల కాగితములు, మడతలు విప్పి చూడవలసిన పుటలు, పత్రిక కడుపులో కుట్టిన చిన్న పుస్తకములు! మే నెల సంచిక గులాబీకే అంకితము. టెన్నెసీ విలియమ్స్ కథ, ఫ్రాన్సు దేశపు కవి కాక్టో రచన ఆ పత్రికలో చోటు చేసికొన్నవి. విషయమునకు తగిన కాగితముండవలెనని ఆమె పట్టుదల. మన పాతసంచికలను కుట్టి బైండు చేయువారి కట్టిది దొరికినచో, సూది ఎక్కడ గ్రుచ్చవలెనో తోచక చేతులు ముడుచుకొని కూర్చుందురు!

వెల 50 సెంట్లు. అచ్చు ఖర్చు దానిని మించిపోయెను. ప్రకటనల రాబడి ఆ లోటును పూడ్చలేదు. హాస్యరచయితలు పరిహసించిరి. 1951 జనవరిలో, పండ్రెండవ సంచికతో, భర్త పత్రికను ఆపివేసెను. నష్టము సుమారు 25 లక్షల డాలర్లు. అది చిన్న మొత్తము కాదు. లెక్కలు చూచినవానిని నేను నిందింపను. కాని ఒక స్త్రీ విలాసమునకై చేసిన దుబారా యని ఆ పత్రికను కొట్టివేయుట సులభము. ఆ పుటలు విప్పి చూచినవా రట్లనుట కష్టము.

1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమునకు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన ప్రతినిధులలో ఆమె యొకతె. 1955లో భర్తతో విడిపోయి, ఆంగ్లేయుడగు కలప వర్తకుని వివాహమాడి ఇంగ్లండులో స్థిరపడి, పువ్వులను, పులులను చిత్రించుచు, గ్రంథములు వ్రాయుచు 2009లో 101 ఏండ్ల వయసున కన్నుమూసెను.

వెలువడిన కాలమున ఆ పండ్రెండు సంచికలను విడివిడిగా కొన్నవానికి అయిన వ్యయము ఆఱు డాలర్లు. 1996లో వాని నుండి ఏర్చి, అవే రంధ్రములతో, అవే మడతలతో మరల కూర్చిన గ్రంథము వెల 250 డాలర్లు.