ఊరిపేరు – ఇంటిపేరు



వంశచరిత్ర యనగానే అది రాజులకే గాని మనకేల యని తలచువారు పెక్కుమంది. సామాన్యునికిని వంశచరిత్ర కలదు. దానిని శాసనములలో చెక్కించినవారే లేరు. నేడు అంతర్జాలమను సాధనమువలన ఆ చరిత్ర కొంత మన చేతికందుచున్నది. దాని బలమును, లోపమును నా యనుభవమునుండి మనవి చేసెదను.

అమెరికాలో నున్న మా కుమారుడు రెండేండ్లక్రిందట డీఎన్ఏ పరీక్ష చేయించుకొనెను. అంతర్జాలమున అతనికి చూపిన బంధువుల పట్టికలో దక్షిణాఫ్రికాయందలి డర్బన్ నగరపు స్త్రీ యొకతె కనబడెను. ఆమె మాకు జాబు వ్రాసి, నేటాలు ఓడపట్టికలోని యొక పంక్తిని పంపినది. 1860లో మద్రాసునుండి ‘ట్రూరో’ అను ఓడ డర్బన్ చేరినది మొదలు 1911 వఱకు, ఒడంబడికపై కూలిపనికి నేటాలు చేరిన భారతీయులు 1,52,184 మంది. వారి పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపైని గుర్తులు గుమాస్తాలు వ్రాసికొనిరి. ఆ పట్టికలను నేడు ఇంటికడ కూర్చుండియే వెదకవచ్చును.

ఆమె ముత్తాత 1890లో ఓడ యెక్కినవాడు. జిల్లా గోదావరి, తాలూకా ఏలూరు, గ్రామము ‘గూడెం’, కుడికనుబొమపై గంటు. ఇంటిపేరు మాత్రము లేదు.

మా కుమారుడు పశ్చిమగోదావరి జిల్లాయని యెంత వెదకినను ఏమియు దొరకలేదు. దొరకు టెట్లు? 1859లో ఏర్పడిన గోదావరిజిల్లాలోని ఏలూరు తాలూకా 1904లో కృష్ణాజిల్లాలో కలిసెను; 1925లో పశ్చిమగోదావరి ఏర్పడెను; 2022లో ఏలూరే ప్రత్యేకజిల్లా యయ్యెను. ఊరు కదలలేదు; జిల్లా పేరు మూడుమార్లు మారెను.

ఇక గూడెమన్నచో మావైపువారికి తాడేపల్లిగూడెమే. నేనచ్చటికి పోయి రెండుదినములు విచారించి రిక్తహస్తములతో మరలితిని. తాలూకా ఏలూరని పట్టిక చెప్పుచుండగా లక్ష్యపెట్టకపోవుట నా తొందరపాటు.

తుదకు కొల్లేటియొడ్డున నున్న మా మేనత్తగారికడకు పోయితిని. ఆమెకు తొంబదియేండ్లు దాటినవి. గంటు మాట నేను చెప్పలేదు. “గూడెమేమిట్రా, అది మా అమ్మమ్మ అత్తవారి పల్లె. ఆవిడ తమ్ముడు అక్కడినుంచే అలిగి పోయాడట. కనుబొమమీద ఎద్దుకొమ్ము గాటు ఉండేదట. ప్రతియేటా కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి పోయి అతని పేర ముడుపు కట్టేది” అనెను. యేబదియేండ్లకు పైగా ఆ అక్క ముడుపు కట్టినదట. ఆ తమ్ముడు మా ముత్తాతగారికిని తమ్ముడే.

ఇంకొక సందేహము మిగిలెను. యంత్రగణితము ఆమెను మాకు మఱింత దగ్గఱి బంధువుగా చూపినది. అదియును మేనత్తగారి మాటతోనే తీఱినది. మా తాతగారు తమ మేనత్త కూతునే వివాహమాడిరి. అందుచే ఆ పూర్వదంపతుల రక్తము మాకు రెండు త్రోవల వచ్చినది. మేనరికములు లేని సమాజమునకై కట్టిన లెక్క మన యిండ్లలో తప్పుట సహజమే గదా!

డర్బన్ సోదరికి మా యింటిపేరు వ్రాసి పంపితిని. నూటముప్పదియేండ్లకు తనకు ఇంటిపేరు దొరకినదని ఆమె సంతోషించి, వచ్చు ఫాల్గుణమున పెద్దింట్లమ్మ తీర్థమునకు రానున్నట్లు తెలిపినది. మా మేనత్తగారు మాత్రము ఆ శుభము చూడలేదు. గత శ్రావణమున గతించిరి. ఆ జాబు ఒక్క సంవత్సరము ఆలస్యమైనచో ‘గూడెం’ అను రెండక్షరములు అట్లే మూతపడి యుండెడివి.

కావున నా మనవి యొకటే. అంతర్జాలము రేపును ఉండును; పట్టికలు ఎక్కడికిని పోవు. మీ యింటి వృద్ధులకడ నేడే కూర్చుండుడు. ఇంటిపేర్లు, ఆడువారి పుట్టినింటిపేర్లు, ఊళ్లు, నాటి తాలూకాలు, ఇల్లు విడిచి పోయినవారి గుఱుతులు వ్రాసికొనుడు. యంత్రము ఎంతదూరమైనను వెదకగలదు. ఏమి వెదకవలెనో దానికి చెప్పవలసినవారు వారే.