గుణకారము – కందపద్యము



ఎన్ని విధములని ప్రశ్న పుట్టగానే వ్రేళ్లు మడచుట మన వాడుక. వ్రేళ్లు చాలనిచోట గుణకారము చాలును. పొరుగున ధర్మవరపు పట్టుచీరను చూడుడు. నడిమికి ఆరు రంగులు, అంచునకు నాలుగు, కొంగునకు ఆ నాలుగే యనుకొందము. 6 × 4 × 4, అనగా 96 చీరలు. అంచు రంగే కొంగునకును రావలెనన్నచో కొంగునకు వేరుగ ఎన్నిక లేదు, 24 మాత్రమే. ఈ మెలకువ ముందు పనికివచ్చును.

9వ శతాబ్దమున అమోఘవర్షుని యేలుబడిలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున షడ్రసముల కలయికలను లెక్కకు తెచ్చెను. దానిని తెనిగించినవాడు పావులూరి మల్లన. ఉగాది పచ్చడి తినువారికి ఈ లెక్క సులభమే: ఒక్కొక్క రుచిని వేయుటయో మానుటయో రెండే దారులు. రెండును ఆరుమార్లు గుణించిన 64. ఏమియు వేయని ఉత్తగిన్నెను తీసివేయగా 63.

ఇక ఛందస్సు గొంతు నొక్కునని పద్యము జోలికి పోని యువకులు కలరు. వారి కొరకే ఈ లెక్క. కందమున మొదటి రెండు పాదములకు ఎనిమిది గణములు. గగ, భ, జ, స, నల అను అయిదే వాడదగినవి. బేసిచోట్ల నాలుగింటను జగణము కూడదు కనుక చోటునకు 4 దారులు. రెండవ, నాల్గవ గణములకు అయిదేసి. ఆరవది జగణమో నలమో కావలెను. ఎనిమిదవది గురువుతో ముగియవలెను కనుక గగమో సగణమో. అన్నిటిని గుణించిన 25,600. తక్కిన సగమును అంతే కదాయని మరల గుణించి 65,53,60,000 అనువాడు తొందరపడినవాడు. మొదటి పాదము గురువుతో మొదలైనచో అన్నియు గురువుతోనే, లఘువుతోనైనచో అన్నియు లఘువుతోనే మొదలు కావలెను. కొంగు అంచు వెంట నడచినట్లే ఇదియు.

కావున రెండు తెగలు చేయవలెను. గురువుతో మొదలగునవి గగ, భ. అప్పుడు మొదటి గణమునకు 2, నాల్గవదానికి 2 దారులు. సగము పద్యమునకు 5,120. లఘువుతోనైన మొదటిదానికి 2, నాల్గవదానికి 3, సగమునకు 7,680. ఒక్కొక్కదానిని దానితోనే గుణించి కూడిన 2,62,14,400, 5,89,82,400 కలిసి 8,51,96,800 కూర్పులు. ఇన్ని వాకిళ్లున్న ఇంటిని చెరసాల యనుట న్యాయమా?

వేమన మెచ్చిన ఆటవెలదిని కూడ చూడుడు. సూర్యగణములు రెండు, ఇంద్రగణములు ఆరు. బేసిపాదమున మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు: 288 కూర్పులు. సరిపాదమున అయిదును సూర్యగణములే: 32. నాలుగు పాదములకు 8,49,34,656. కందమునకును దీనికిని భేదము 2,62,144 మాత్రమే. తేటగీతి లెక్క సభ్యులే వేసి చూడవచ్చును.