మా నాయన దించిన ఇంజను

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ కారు సంగతి పది నిమిషాలు చెప్పు" అన్నారు సెక్రటరీ గారు. గేటు కాడ వేపచెట్టు కింద నిలబెట్టిన లేత నీలం కారును మీరు చూసే లోపలికి వచ్చినారు. అది 1967 మోడలు స్టాండర్డ్ హెరాల్డ్. కమలాపురంలో కొంచెం వయసున్న వాళ్ళకు 'డాక్టరు కారు' అంటే తెలుస్తుంది. మా నాయన డాక్టరు గారి దగ్గర డ్రైవరు. ఆయన 1984లో ప్రాక్టీసు చాలించి ఊరు విడుస్తూ ఆ కారును మా నాయనకే ఇచ్చి పోయినారు.

ఆ కారు గురించి కొంచెం చెప్పాల. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డ్‌ను తెచ్చింది. దాని రూపం గీసినాయన ఇటలీకి చెందిన మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ వాళ్ళు ఇక్కడి పేరుతో తయారు చేసినారు. ఇంజను 948 సీసీ. ఇదే చాసీని పొట్టి చేసి, ఇదే కుటుంబం ఇంజనును పెద్దది చేసి పెట్టి, 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేసినారు. అంటే మన డాక్టరు గారు పాపఘ్ని ఒడ్డు పల్లెలకు కేసులు చూడ్డానికి పోయింది స్పోర్ట్స్ కారు అక్క మీద. ఈ సంగతి ఆయనకూ తెలియదు, మా నాయనకూ తెలియదు. మా నాయనకు తెలిసిందల్లా ఆ కారు ఎంత ఇరుకు సందులోనైనా ఒక్క మలుపులో తిరుగుతుందని. ముందు చక్రాలు అంతగా మలుగుతాయి దానికి.

1988లో నేను ఐటీఐలో మోటారు మెకానిక్ పాసయి వచ్చినా. చేతిలో సర్టిఫికెట్టు, తల నిండా పొగరు. ఇంజను పని నేనే చేస్తానంటే నాయన సరేనన్నాడు. విప్పినా, బిగించినా, కారు నడిచింది. నాలుగు నెలలకు కింద నుంచి 'దబ్ దబ్' అని మోత మొదలైంది. నాయన ఇంకొక్క మైలు కూడా నడపలేదు. మనుషుల్ని పెట్టి ఇంజను దించి, గోతాలు చుట్టి వసారా మూలన పెట్టేసినాడు. ఎవరడిగినా "సామాను దొరకలేదప్పా" అనేవాడు. నేను మాత్రం అడిగిన వాళ్ళకల్లా ఒకే మాట చెప్పినా: "మా నాయనకు క్లచ్చు మీద కాలు పెట్టి నడిపే అలవాటు. దాంతో పోయింది ఇంజను." ఈ హాల్లోనే ఆ మాట విన్నవాళ్ళు నలుగురైదుగురు ఉంటారు.

నాయన పోయి మూడేండ్లు. పోయినేడాది ఎండాకాలంలో మా అమ్మ పట్టు పట్టింది. "ఆ ఇనుము పాత సామాన్ల వానికన్నా ఎయ్యి, లేకుంటే యాడిది ఆడ పెట్టు."

గోతాలు విప్పితే తుప్పు లేదు. ఏటా ఉగాది ముందర నాయన ప్లగ్గు రంధ్రాల్లో కొంచెం ఆయిలు పోసి, పుల్లీ పట్టుకుని ఇంజనును ఒక చుట్టు తిప్పేవాడని అమ్మ చెప్పింది. నేను యర్రగుంట్లలో ఉద్యోగం చేసుకుంటా ఇదేదీ చూడలేదు. పిస్టన్లు పట్టుకోకపోవడానికి కారణం అది.

నాపబండల మీద పాత దుప్పటి పరిచి ఇంజను విప్పినా. అడుగున సంపు తీసి, క్రాంకు వెనక మెయిన్ బేరింగు కప్పు తీసినా. అక్కడ ఆ బేరింగుకు రెండు పక్కలా అర్ధచంద్రాకారపు వాషర్లు రెండు ఉండాల. థ్రస్టు వాషర్లంటారు. క్లచ్చు తొక్కినప్పుడల్లా క్రాంకు ముందుకు జరగబోతుంది, దాన్ని ఆపేది ఇవే. అక్కడ వాషర్లు లేవు. బోల్టులు కూడా చేతి బిగువులోనే ఉన్నాయి. అంటే నాకంటే ముందే ఎవరో విప్పి చూసినారు.

"మీ నాయన సీసా ఒకటి ఆ పెట్టెలో ఉందే, అది కావాల్నా?" అనింది అమ్మ. హార్లిక్స్ సీసా. దాంట్లో ఆయిలు గుడ్డలో చుట్టిన రెండు వాషర్లు. ఒకటి కాగితం మాదిరి అరిగింది. ఈ వాషర్లకు ఒక పక్క ఆయిలు పారే గాళ్ళుంటాయి. ఆ పక్క క్రాంకును చూడాల. ఇవి అరిగింది గాళ్ళు లేని ఉక్కు వైపు. నేను తిరగేసి పెట్టినా. క్రాంకు ముఖం మీద గ్రామఫోను ప్లేటు మాదిరి గీతలు పడినాయి. ఇంకో నెల నడిపి ఉంటే వాషరు సంపులోకి జారి, క్రాంకు బ్లాకునే తినేసేది.

ముప్పై ఏండ్లకు పైగా సీసా అట్లే ఉంది. నాయన నాతో ఒక్క మాట అనలేదు. ఆ పొద్దు ఇంక స్పానరు పట్టుకోలేకపోయినా.

తరువాత పని మా బ్యాచీది. ప్రొద్దుటూరులో క్రాంకు గ్రైండింగు చేయించి ఆ గీతలు తీయించినాం. దాంతో మామూలు వాషర్లు వదులవుతాయి, ఐదు థౌ మందం ఎక్కువున్నవి కావాల. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. స్పిట్‌ఫైరుకూ అవే కాబట్టి ఇంగ్లండులో ఇంకా అమ్ముతున్నారు. మా క్లాసుమేటు కూతురు అక్కడ చదువుతోంది, సెలవులకు వస్తా సూటుకేసులో తెచ్చింది. రింగులు, బేరింగు షెల్సు, గాస్కెట్లు కొత్తవి. వాల్వులు నేనే పేస్టు వేసి రుద్దినా, రెండు సాయంత్రాలు పట్టింది.

ఇంజను ఎత్తడానికి బోరు మోటార్లు లాగే మూడు కాళ్ళ స్టాండు, చైన్ పుల్లీ తెచ్చినాడు ఇంకో క్లాసుమేటు. "ఎనిమిది వందల అడుగుల్లోంచి లాగినోణ్ణి, దీన్ని మూడడుగులు దించలేనా" అన్నాడు. దించలేకపోయినాడు, మధ్యాహ్నం దాకా. క్లచ్చు ప్లేటు నడిమధ్యన లేకుంటే గేరుబాక్సు షాఫ్టు దాంట్లోకి దూరదు. చివరికి తుమ్మకర్ర ముక్కను లేతు మీద ఆ షాఫ్టు కొలతకు తిప్పించి, దాన్ని దూర్చి ప్లేటు సరిచేసి మళ్ళీ బిగించినాం. రెండోసారి సబ్బుముక్క మాదిరి జారి కూర్చుంది. హెరాల్డ్ బానెట్టు రెక్కలతో సహా ముందుకు పడిపోతుంది, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఈ సుఖం ఇప్పటి కార్లకు లేదు.

ఇంక స్టార్టు. ప్లగ్గులు తీసి, ఆయిలు లైటు ఆరేదాకా తిప్పినాం. ప్లగ్గులు పెట్టి తాళం తిప్పితే కార్బురేటరు లోంచి 'ఢాం' అనడం తప్ప వేరే శబ్దం లేదు. అప్పటికే వీధంతా జనం. మన సైన్సు సారు, ఇదిగో ముందు వరసలో ఉన్నారు, కర్ర పట్టుకుని వచ్చి అడిగినారు: "నాలుగు స్ట్రోకులు చెప్పురా."

అరవైకి దగ్గర పడుతున్నోణ్ణి, చేతులు కట్టుకుని చెప్పినా. సక్షన్, కంప్రెషన్, పవర్, ఎగ్జాస్టు.

"పిస్టను పైకి ఎన్నిసార్లు వస్తుంది?"

"రెండుసార్లు సార్."

"మీరు ఏ సారి చూసి డిస్ట్రిబ్యూటరు పెట్టినారు?"

తప్పు సారే చూసినాం, ఎగ్జాస్టుది. ప్లగ్గు వైర్లు ఒకటికి నాలుగు, రెండుకు మూడు మార్చినాం. సగం చుట్టుకే అందుకుంది. నీలం పొగ వీధంతా కమ్మింది, పాత ఆయిలు కదా. అమ్మ వాకిట్లోకి వచ్చి కాసేపు విని, "ఇంక ఆ మూలన నా మంచం వేసుకుంటా" అని లోపలికి పోయింది.

క్రాంకు జరుగుడు బిగించేటప్పుడే కొలిచినాం, ఆరు థౌ వచ్చింది. అయినా నాకు నమ్మకం చాలదు. కారు బయట ఉంది, బానెట్టు తెరిచే పెట్టినా. భోజనాలకు ముందు ఎవరైనా ఒకరు లోపల కూర్చుని క్లచ్చు తొక్కండి, ఇంకొకరు ముందర వంగి క్రాంకు పుల్లీని చూడండి. కదిలితే నాకు చెప్పండి. మా నాయన క్లచ్చు గురించి నా దగ్గర విన్నవాళ్ళు ముందు రండి.