నేర్చుకునే చేతికి నోరప్పగించటం



వెయ్యి మందిని చంపితేగాని వైద్యుడు కాడని మనవాళ్ళు ఓ మొరటు మాట అంటూంటారు. నవ్వులాటకు అన్న మాటే అయినా అందులో ఓ భయం దాగి ఉంది. నేర్చుకునేవాళ్ళ చేతికి మన ఒళ్ళు అప్పగిస్తే ఏమైపోతామో అన్న భయం. ఈవేళ ఆ భయం గురించే నాలుగు మాటలు మనవి చేద్దామనుకుంటున్నాను. అదీ మన పళ్ళ విషయంలో.

మా పక్కింటి అమ్మాయి డెంటల్ హైజీనిస్టు కోర్సు చదువుతోంది. ఓ సాయంత్రం వచ్చి, "పిన్నిగారూ, వచ్చే బుధవారం నల్లపాడులో మా కాలేజీవాళ్ళు దంత వైద్య శిబిరం పెడుతున్నారు. నేను చేసి చూపించటానికి పేషెంట్లు కావాలి. మీరు రారూ?" అంది. నేను చారుకు పోపు పెడుతున్నదాన్ని అట్లాగే ఆగిపోయాను. "బుధవారం మీ బాబాయిగారికి కేరేజీ పంపాలమ్మాయ్" అన్నాను. కేరేజీ రోజూ పంపేదే. ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు. "సరే పిన్నిగారూ" అని తల వంచుకుని వెళ్ళిపోయింది.

అసలు సంగతి మీ దగ్గర దాచటమెందుకు? పళ్ళు తోముకుంటూంటే నాకు ఏడాదిగా చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. నెత్తురు వచ్చేచోట బ్రష్షు తగలకుండా జాగ్రత్తగా తోముకుంటూ వచ్చాను. ఇంట్లో అందరి జలుబులకూ జ్వరాలకూ మందులిచ్చే మనం, మన నోటి సంగతి మాత్రం ఎప్పటికో వాయిదా వేస్తాం కదూ? ఆ పిల్ల చేతికి భయపడ్డాననుకున్నాను గాని, నా నోరు తెరిచి చూపించటానికి సిగ్గుపడటమే ఎక్కువ.

మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "వస్తానమ్మాయ్. కాని నువ్వేం నేర్చుకున్నావో ముందు నాకు చెప్పాలి" అని షరతు పెట్టాను. ఆ పిల్ల మొహం చేటంత అయింది. ఆమె చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెబుతాను.

హైజీనిస్టంటే పళ్ళ డాక్టరు కాదు. 1948లో మన దేశంలో వచ్చిన దంతవైద్యుల చట్టం ఈ పనివారిని విడిగా గుర్తించింది. పళ్ళకు పట్టిన గార తీయటం, శుభ్రం చేయటం, మెరుగుపెట్టటం, నోరు శుభ్రంగా ఉంచుకోవటమెట్లాగో జనానికి బోధించటం వీరి పని. పన్ను పీకటం, పుచ్చును పూడ్చటం వీరి పని కాదు. చదువు రెండేళ్ళు.

ఈ వృత్తి పుట్టి నూరేళ్ళు దాటింది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జిపోర్టులో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. ఆయన 1906లో తన దగ్గర సహాయకురాలిగా ఉన్న ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పాడు. 1913లో తన ఇంటి షెడ్డులోనే ఆడవాళ్ళకు బడి పెట్టాడు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఆ ఊరి బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేసి, తోముకోవటం నేర్పారు. చూశారా, ఈ విద్య మొదటినుంచీ ఆడవాళ్ళ చేతిలో పెరిగిన విద్యే.

మరి నేర్పటం ఎట్లా? మొదట్లో మనుషుల జోలికి రానివ్వరట. కుర్చీకో బల్లకో బిగించిన బొమ్మ తల ఉంటుంది. దాని నోట్లో ప్లాస్టిక్ పళ్ళు. వాటి మీద అభ్యాసం. పనిముట్టును కలం పట్టుకున్నట్లు పట్టుకోవాలి. ఉంగరపు వేలు పక్క పంటి మీద ఆనించుకోవాలి. ఆ ఆనిక లేకపోతే పనిముట్టు జారి చిగురును కోస్తుంది. కోనుతో గోరింటాకు పెట్టేటప్పుడు చిటికెన వేలు అరచేతికి ఆనించుకుంటాం చూడండి, అట్లాగన్నమాట.

పనిముట్లు కూడా చూపించింది. ఓ చిన్న అద్దం. కొడవలిలా వంపు తిరిగిన స్కేలరు. గీతలున్న సన్నటి పుల్లలాంటిది ఇంకొకటి, దాన్ని ప్రోబు అంటారు. పంటికీ చిగురుకూ మధ్య సందు ఎంత లోతుందో దానితో కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల దాకా అయితే మామూలే. నాలుగూ ఆపైన వచ్చిందంటే చిగురు పట్టు వదులుతోందేమోనని చూడాలి. తాకగానే నెత్తురు వస్తే అక్కడ వాపు ఉన్నట్లే.

బొమ్మ తర్వాత క్లాసులో పిల్లలు ఒకరి పళ్ళు ఒకరు శుభ్రం చేసుకోవాలి. "మా ఫ్రెండు చెయ్యి కాస్త గట్టిగా పడేసరికి, నొప్పంటే ఏమిటో అప్పుడు తెలిసింది పిన్నిగారూ" అంది. ఇన్నీ అయినా ఆ చదువు సగమే. బొమ్మకు నాలుక అడ్డం రాదు, ఉమ్మి ఊరదు, నెత్తురు కారదు, భయం వెయ్యదు. ఇవన్నీ ఉన్న నోరు మనుషులకే ఉంది. పక్కన గురువు నిలబడి చూస్తూండగా ఆ నోట్లో పనిచేస్తేనే మిగతా సగం వస్తుంది.

బుధవారం ఉదయమే వంట ముగించి, కేరేజీ పంపి, నల్లపాడు వెళ్ళాను. మా గుంటూరు నగరంలో కలిసిపోయిన ఊరే అది. గుంతకల్లు వైపు, పగిడిపల్లి వైపు రైలు దారులు చీలే జంక్షను. మిరప కోతల రోజులేమో, గాలిలో ఘాటు. ఓ బడి ఆవరణలో కాలేజీవారి బస్సు ఆగి ఉంది. అందులోనే కుర్చీ, దీపం, నీళ్ళు, అన్నీ.

కుర్చీ ఎక్కేముందు మా అమ్మాయి ఓ కాగితం తీసి ఒక్కొక్కటే అడిగింది. గుండెజబ్బు ఉందా, చక్కెర వ్యాధి ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఏ మందయినా పడదా అని. అన్నిటికీ లేదు లేదన్నాను. "రోజూ వేసుకునే మందులేమైనా?" అంది. "ఏమీ లేవమ్మా" అన్నాను. ఆ పిల్ల కలం ఎత్తి, ఓ క్షణం ఆలోచించి, "పొద్దున్నే కాఫీ తాగాక ఏదైనా మాత్ర వేసుకుంటారా పిన్నిగారూ?" అని మళ్ళీ అడిగింది. "ఆఁ, బీపీ మాత్ర. అది మామూలేగా" అన్నాను.

అదే మన తప్పు సుమండీ. రోజూ వేసుకునేది మనకు మందులాగే తోచదు. వాళ్ళ మేడమ్ వచ్చి ఆ మాత్ర పేరు కనుక్కుని, నా చిగుళ్ళు చూసింది. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్ళలో కొందరికి చిగుళ్ళు ఉబ్బినట్లు పెరుగుతాయట. పాచి పేరుకుని ఉంటే ఆ పెరగటం ఇంకా ఎక్కువవుతుందట. "మీ అంతట మీరు మాత్ర మానెయ్యకండి, అది ప్రమాదం. మీ డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి అడగండి" అని చీటీ రాసిచ్చింది. ఆ పిల్ల రెండోసారి అడగకపోతే నా చిగుళ్ళ సంగతి తేలేదే కాదు. ఎట్లా అడగాలో తెలియటం కూడా ఆ చదువులో భాగమేనని నాకప్పుడు అర్థమయింది.

తర్వాత పని మొదలుపెట్టింది. కింది ముందు పళ్ళ లోపలివైపు నాకు గార బాగా పట్టి ఉంది. ఎందుకో తెలుసా? లాలాజలం ఊరే నాళాలు నాలుక కింద తెరుచుకుంటాయి. రోజూ తోమినా అందకుండా మిగిలిపోయిన పాచి మీద ఉమ్మిలోని సున్నం చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడుతుంది. బోరు నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా పొర కట్టదూ? అదీ ఇదీ ఒకటే. గిన్నెకు కట్టిన పొర చేత్తో రుద్దితే పోనట్లే, గట్టిపడ్డ గార బ్రష్షుతో పోదు.

గంటకు పైగా పట్టింది. రెండుసార్లు నొప్పనిపించి ఎడమ చెయ్యి ఎత్తాను. వెంటనే ఆపింది. ముందే అట్లా సైగ చెయ్యమని చెప్పింది మరి. అంతా అయ్యాక మేడమ్ వచ్చి చూసి, "ఇక్కడ రెండుచోట్ల మిగిలింది, నువ్వే వెతుకు" అని ప్రోబు మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి గాని, వెతికి తీసింది. రద్దీగా ఉండే ఆస్పత్రిలో నా ఒక్క నోటికి ఇంతసేపు ఎవరు కేటాయిస్తారు? ఇద్దరు మనుషులు, నాలుగు కళ్ళు. నేర్చుకునే చేతి దగ్గర మనకు దొరికే లాభం అదే.

నా తర్వాత కుర్చీ ఎక్కినామెను చూశాక ఇంకో సంగతి నేర్చుకున్నాను. మిరపకాయల ముచ్చికలు తీసే పనికి పొదిలి వైపు నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ళ పిల్ల. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు. "నేను రోజూ తోముకుంటానమ్మా. అయినా మా అత్త రోజూ తిడతది" అంది ముందుగానే, ఎవరూ ఏమీ అనకుండానే.

విద్యార్థినులందరినీ మేడమ్ దగ్గరకు పిలిచింది. ప్రోబు మొనతో ఆ చార మీద మెల్లగా తాకి చూడమంది. నున్నగా ఉంది. "పైన అంటుకున్న గారయితే గరుకుగా తగులుతుంది. ఇది పంటి లోపలి మరక, ఫ్లోరైడు వల్ల వచ్చింది. దీన్ని గీకారంటే పన్ను అరుగుతుందే గాని మరక పోదు" అని చెప్పింది.

మన భాషలో రెంటినీ గార అనే అంటాం. అందుకే రెండూ ఒకటే అనుకుంటాం. పసితనంలో చిగురు లోపల పళ్ళు తయారవుతున్న రోజుల్లో ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్ళు తాగితే ఈ మరకలు పడతాయి. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మన దేశంలో ఫ్లోరైడు జబ్బు గురించి మొదట రాసినది 1937లో. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల మనుషులను చూసే రాశారు. 1970లో ఏర్పడ్డ ప్రకాశం జిల్లాలోకి వచ్చిన ఊళ్ళే అవి. అంటే ఆ పిల్ల పళ్ళ మరక వెనక ఉన్నది ఆమె బద్ధకం కాదు, ఆ ఊరి బావి నీళ్ళు.

ఆ మాట మేడమ్ ఆమెకు వివరంగా చెప్పింది. అది కడిగితే పోయేది కాదనీ, ఆమె తప్పు కాదనీ, కావాలంటే దంతవైద్యులు మరక కనిపించకుండా చేసే పద్ధతులున్నాయనీ చెప్పింది. ఆ పిల్ల కొంగు దించి, "అయితే నేను మురికిదాన్ని కాదన్నమాట" అంది. బస్సులో ఎవరూ మాట్లాడలేదు. ఇట్లాంటి పిల్లలను చూసి మనలో ఎంతమందిమి మొహం తిప్పుకున్నామో! పెళ్ళిచూపుల్లో ఎన్ని మాటలన్నామో!

అందుకని సోదరీమణులారా, మీ ఊళ్ళో దంత కళాశాల ఉన్నా, శిబిరం పెట్టినా సంకోచించకుండా వెళ్ళండి. కాని కళ్ళు మూసుకుని వెళ్ళొద్దు. పక్కన గురువు ఉన్నారా అని అడగండి. చేతి తొడుగులు మీ ముందే కొత్తవి వేసుకోవాలి. పనిముట్లు మూసిన కవరులోంచి తియ్యాలి. వాటిని ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో పావుగంట ఉంచుతారు. మన ప్రెషర్ కుక్కరు లాంటిదేనండీ అది. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అడగటం మన హక్కు. అట్లాగే మీ మాత్రలూ మీ జబ్బులూ ఏవీ దాచకుండా చెప్పటం మన ధర్మం. గర్భంతో ఉంటే ఆ సంగతీ చెప్పండి.

గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మా అత్తగారు అనేవారు. మీరూ వినే ఉంటారు. వదులు చేసేది గార. అది చిగురును తోసేస్తూ సందుల్లో గట్టిగా కూర్చుని ఉంటుంది. తీసేశాక ఆ సందు కనిపిస్తుంది, వాపు తగ్గి చిగురు కాస్త లోపలికి పోతుంది, కొద్ది రోజులు చల్లటి నీళ్ళు జివ్వుమంటాయి. అంతే. మళ్ళీ నెత్తురు వస్తుందేమోనని అక్కడ తోమటం మానకండి. నేను చేసిన పొరపాటు అదే. మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమితే పాచి పోయి, నెత్తురు రావటం తగ్గుతుంది. తగ్గకపోతే దంతవైద్యులకు చూపించండి.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మనమందరం ఎవరో ఒకరి నోటి మీదే వంట నేర్చుకున్నాం. ఉప్పెక్కువైన కూర ఓపిగ్గా తిని, "రేపు కాస్త తగ్గించమ్మా" అన్న పెద్దల పుణ్యాన మన చెయ్యి తిరిగింది. వెయ్యి మందిని చంపి వైద్యులు కావలసిన రోజులు పోయాయి. పక్కన గురువు ఉండి, ఎదుట ఓపికగా నోరు తెరిచేవాళ్ళుంటే చాలు. మొన్న మా అమ్మాయి తన పుస్తకంలో నా పేరుకు ఎదురుగా మేడమ్ చేత సంతకం పెట్టించుకుని తెచ్చి చూపించింది. ఇంకా ఎంతమంది కావాలమ్మాయ్ అని అడిగాను. చాలామంది కావాలంది. రేపు మా వీధిలో నలుగురిని వెంటబెట్టుకుని వెళతానని మాటిచ్చాను.

మీ వీధిలోనూ అట్లాంటి అమ్మాయి ఉంటే, కేరేజీ సాకు చెప్పకండేం!